మా బంగారం మళ్ళీ పోయాడు

వాడు మొదటిసారి పోయిన రాత్రి హనుమకొండ వడ్డేపల్లిలో మా వీధంతా నా గొంతు విన్నది. టైము పదిన్నర దాటింది. నేనూ మా అబ్బాయీ చెరో పక్క నడుస్తూ "బంగారం... బంగారం..." అని పిలుస్తున్నాం. మూల మీది ఇంటి పెద్దమ్మ గబగబా గేటు తీసుకొని బయటికొచ్చింది. "ఎన్ని తులాలు బిడ్డా? ఏడ పడ్డది?" అని కంగారుగా అడిగింది. కుక్క అని చెప్పాను. నా మొహం వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి టార్చిలైటు తెచ్చుకుంది. పన్నెండు దాకా మాతోపాటు తిరిగింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులని నాకు తర్వాత తెలిసింది.

బంగారం మా ఇంటికి వచ్చింది 2022 ఫిబ్రవరిలో, మేడారం జాతర వారంలో. జాతర నుంచి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు మోరీ పక్కన నెలన్నర పిల్ల ఒకటి వణుకుతూ కూర్చుంది. ఒళ్ళంతా బెల్లం రంగు, మూతి ఒక్కటే నలుపు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అనే అంటాం కదా. మా మామయ్య సంచి దింపుతూ "తల్లులకు బంగారం ఇచ్చొస్తే, తల్లులు మనకో బంగారం పంపిన్రు" అన్నారు. అత్తమ్మకు ఆ పేరు నచ్చలేదు. "తల్లుల బంగారం పేరు కుక్కకు పెడ్తరా" అని రెండు రోజులు ఊరుకోలేదు. మూడో రోజు పాలల్లో అన్నం పిసికి పెడుతూ ఆమే "బంగారం, రారా" అని పిలిచింది.

జాతి కుక్క కాదు, మన ఊరకుక్కే. కురచ వెంట్రుకలు, నిక్కిన చెవులు, వంకర తోక. ఎండకు తట్టుకుంటుంది, ఏది పెట్టినా తింటుంది, తెలివి ఎక్కువ. ఆ తెలివంతా వాడు మా గేటు మీద పెట్టాడు. గడియను మూతితో పైకెత్తడం ఎనిమిదో నెలలోనే నేర్చుకున్నాడు. గడియకు తాళం వేస్తే గేటు కింద మట్టి తవ్వాడు. అక్కడ షాబాద్ బండ వేయిస్తే గోడ పక్కన పేర్చిన ఇటుకలెక్కి దూకాడు. ఇటుకలు తీయించాం. ఇక మిగిలింది పొద్దున అత్తమ్మ సాన్పి చల్లడానికి గేటు తీసే అరనిమిషం. ఒక చేతిలో బకెట్, ఒక చేతిలో గడియ ఉండగా ఆమె కుచ్చిళ్ళ పక్క నుంచి జారిపోయేవాడు. పాలు పోసే ఆయన, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, కరెంటు బిల్లు కొట్టే ఆయన, వీళ్ళ రాకపోకలన్నీ మాకంటే వాడికే బాగా తెలుసు.

పోయి ఏం చేసేవాడు? ఆదివారం అయితే మటన్ కొట్టు. ఆ కొట్టాయన ఎప్పుడో ఒక్కసారి ఒక బొక్క విసిరాడు. ఆ ఒక్క బొక్క మీది ఆశతో ఏడాది పొడుగునా పోయాడు. మిగతా రోజుల్లో టిఫిన్ సెంటర్ వెనక, చెరువు కట్ట మీద, చెత్త బండి వెంట. సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర ఎవరిదో మలీద ముద్ద నోట కరుచుకొని ఆడవాళ్ళ మధ్య నుంచి ఉరికాడు. చేతిలోని బతుకమ్మను పక్కింటామెకు ఇచ్చి, పట్టుచీరలో వాడి వెంట పడ్డాను.

"కట్టెయ్యండి." ఈ మాట మాకు చెప్పనివాళ్ళు లేరు. చుట్టాలు చెప్పారు, వీధిలోవాళ్ళు చెప్పారు, మా ఆయన ఆఫీసులోవాళ్ళు చెప్పారు. "కట్టెయ్యకపోతే కుక్క చెడిపోతది" అన్నారు. ఇంకో రకం వాళ్ళు ఉన్నారు, "కుక్కన్నాక తిరుగుతది, తిరగనియ్యిన్రి, ఆకలైతే అదే వస్తది" అనేవాళ్ళు. ఈ నాలుగేళ్ళలో నేను రెండు మాటలూ విన్నాను, రెండూ చేసి చూశాను. రెండూ తప్పే అని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఎందుకో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టింది పరకాల దగ్గర ఒక పల్లెలో. మా నాయిన వెంట ఒక కుక్క ఉండేది. పొద్దున ఆయనతో పత్తి చేనుకు పోయేది, మధ్యాహ్నం సద్ది విప్పితే తన వాటా తినేది, పొద్దుగూకాక ఆయన వెనకే ఇంటికొచ్చేది. మధ్యలో అది ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరూ అడిగేది లేదు. కుక్క పారిపోయింది అనే మాటే మా ఊళ్ళో నేను వినలేదు. పారిపోవాలంటే ముందు గేటు ఉండాలి కదా. మా ఇంటికి దడి తప్ప గోడ లేదు. అలాగని ఆ రోజులు కుక్కలకు స్వర్గమని నేను అనను. మా నాయిన కుక్క లారీ కింద పడి చచ్చిపోయింది. దాని కంటే ముందున్న దానికి పిచ్చి లేస్తే ఊరివాళ్ళు కర్రలతో కొట్టి చంపారు. టీకా అనే మాట అప్పట్లో మా ఊళ్ళో ఎవరి నోటా వినలేదు. కానీ ఒకటి మాత్రం నిజం. ఆ కుక్కకు రోజంతా పని ఉండేది, నడక ఉండేది, వెంట మనిషి ఉండేవాడు. మా నూట యాభై గజాల ఇంట్లో బంగారానికి వీటిలో ఏదీ లేదు. రెండు పూటలా అన్నం ఉంది, నీళ్ళ గిన్నె ఉంది, పడుకోవడానికి గోనెపట్టా ఉంది. అంతటితో మా బాధ్యత తీరిందని మేం అనుకున్నాం.

2022 దీపావళి రాత్రి మా వీధి చివర బాంబులు మొదలైనప్పుడు వాడు పెరట్లో ఉన్నాడు. లోపలికి తేవాలని మాకు తోచలేదు. మాకు బాంబు చప్పుడే చెవులు పగిలేంత ఉంటే, వాడి చెవులకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు. ఎటు నుంచి దూకాడో ఇప్పటికీ తెలియదు. రెండు రాత్రులు దొరకలేదు. మా మామయ్య కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా 34 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. మూడో రోజు పొద్దున ఒక గ్యాంగ్‌మన్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ కుక్క లెక్కనే ఉంది సార్, మెడల ఎర్ర పట్టా ఉంది, లైను పక్కన స్లీపర్ల సందుల పండుకున్నది" అన్నాడు.

కాజీపేట జంక్షన్ అంటే తెలుసుగా. సికింద్రాబాద్ వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి, బల్లార్షా వైపు నుంచి వచ్చే లైన్లు కలిసే చోటు. రాత్రనక పగలనక బండ్లు పోతూనే ఉంటాయి. వాడు ఆ పట్టాలన్నీ ఎలా దాటాడో తలుచుకుంటే ఈ రోజుకీ నా కడుపులో తిప్పుతుంది. మేం పోయేసరికి కాంక్రీటు స్లీపర్ల దొంతుల మధ్య ముడుచుకొని ఉన్నాడు. పిలిస్తే తోక ఊపాడు, లేవలేదు. ఇంటికి తెచ్చాక అత్తమ్మ వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు చూసింది. నాలుగు పాదాల మెత్తల మధ్యా పల్లేరు కాయలు. కొన్ని వెంట్రుకలతో ఉండ కట్టుకుపోయాయి, కొన్ని చర్మంలోకి దిగిపోయాయి. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. ఆమె కొబ్బరినూనె రాసి, వెంట్రుకలు పాయలుగా విడదీసి, ఒక్కో ముల్లునూ గోళ్ళతో పట్టి లాగింది. లాగినప్పుడల్లా వాడు ఆమె మణికట్టును పళ్ళతో పట్టుకునేవాడు, కొరికేవాడు కాదు. గట్టిగా పట్టుకొని, ముల్లు వచ్చాక వదిలి అక్కడే నాకేవాడు. పదిహేడు ముళ్ళు. చెవుల వెనక గోమార్లు వేరే. గంటన్నర పట్టింది.

దానికంటే ముందు జరిగింది కూడా చెప్పాలి. స్కూటర్ దిగి గేటు లోపలికి రాగానే మా ఆయన చెప్పు తీసి వాణ్ణి నాలుగు దెబ్బలు కొట్టారు. ఆయన కోపిష్టి మనిషి కాదు. రెండు రాత్రుల భయం అలా చేతిలోకి వచ్చింది. నేను కూడా ఆపలేదు, కొడితేనైనా బుద్ధి వస్తుందేమో అనుకున్నాను. తర్వాతి సారి పోయినప్పుడు ఏమైందో చూడండి. మామూలుగా అరగంటలో తిరిగొచ్చేవాడు, వచ్చాడు, వీధి మూల దాకా. గేటు దగ్గర నిలబడ్డ మా ఆయన్ను చూసి ఆగిపోయాడు. ఆయన ఒక అడుగు వేస్తే వాడు రెండు అడుగులు వెనక్కి. రాత్రి పదకొండు దాకా అలా మూల మీదే ఉన్నాడు, ఇంటికి రావాలని ఉంది, రావడానికి భయం. పోయినందుకు కొట్టామని మేం అనుకున్నాం. ఇంటికి వచ్చినందుకు కొట్టారని వాడు నేర్చుకున్నాడు. కుక్క లెక్కలో ఇప్పుడు జరిగినదానికీ ఇప్పుడు తగిలిన దెబ్బకీ మాత్రమే ముడి. అరగంట కింద చేసిన తప్పు మన లెక్కలో ఉంటుంది, దాని లెక్కలో ఉండదు. ఇది మాకు పశువుల డాక్టరు చెప్పారు. ఆ నాలుగు దెబ్బలు మరిపించడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఎన్ని సార్లు పోయినా, ఎంత ఆలస్యంగా వచ్చినా, ఏం పాడు చేసి వచ్చినా, గేటు లోపలికి రాగానే ముద్దు చేసి ఒక బిస్కెట్ పెట్టడం. పక్కింటివాళ్ళకు వింతగా ఉండేది. పోయి వచ్చినదానికి బహుమానమా అని అడిగేవాళ్ళు. అవును, వచ్చినదానికే.

ఇంకోటి, వెంట ఉరకడం. మనం ఉరికితే అది ఆట అనుకొని ఇంకా ఉరుకుతాడు. నాలుగు కాళ్ళవాణ్ణి రెండు కాళ్ళ మీద పట్టుకోలేం. వాడికి స్కూటర్ అంటే ప్రాణం, యాక్టివా ముందు కాళ్ళ దగ్గర నిలబడి గాలికి మొహం పెట్టడం. అందుకని ఇప్పుడు పిలవను, వెంట పడను. దూరంగా నిలబడి తాళంచెవులు గలగలలాడించి, వెనక్కి తిరిగి ఇంటివైపు నడుస్తాను. పది అడుగులు వేసేలోగా పక్కన రొప్పుతూ ఉంటాడు.

2023 ఉగాది నుంచి మా మామయ్య డైరీ రాయడం మొదలుపెట్టారు. రైల్వేలో అలవాటు, ఏ ఇంజన్ ఎప్పుడు షెడ్డులోకి వచ్చింది, ఎప్పుడు పోయింది రాసి పెట్టడం. "సా. 6.20 పోయిండు. 7.05 వచ్చిండు. మటన్ కొట్టు." ఇలా ఉండేవి ఆయన రాతలు. అదే పేజీలో పైన ఆయన సొంత సంగతులు, "పొద్దున నడక కట్ట దాకా", "మోకాలు నొప్పి, నడక లేదు", "హసన్‌పర్తి పెండ్లి". ఆయనకు ఓపిక ఉన్న రోజు బంగారాన్ని కూడా వెంట తీసుకుపోయేవారు, లేని రోజు లేదు. ఆ డైరీలో ఏముందో మాకు అప్పుడు తెలియలేదు.

ఆ ఏడు మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర వీధి కుక్కలు ఒక చిన్న పిల్లాణ్ణి కరిచి చంపేశాయి. మా ఇంటికి ఎంతో దూరం కాదు. మామయ్య ఆ క్వార్టర్లలోనే ఎన్నో ఏళ్ళు ఉన్నారు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వీధిలో బంగారాన్ని చూసే చూపు మారింది. నిన్నటి దాకా బిస్కెట్ వేసిన చేతులే పిల్లల్ని లోపలికి లాక్కున్నాయి. నాకు మనసుకు కష్టమనిపించింది, కానీ వాళ్ళది తప్పు అనలేను. మెడలో ఎర్ర పట్టా ఉందా లేదా అని ఉరికొచ్చే కుక్కను చూసి ఏ తల్లీ ఆలోచించదు.

మరుసటి నెలలోనే మా వంతు వచ్చింది. గేటు దాటి ఉరికిన బంగారం పక్క వీధిలో సైకిల్ తొక్కుతున్న ఏడేళ్ళ పిల్లాడి మీదికి ఎగిరాడు. ఆటకే ఎగిరాడు, నాకు తెలుసు. కానీ పిల్లాడు కింద పడ్డాడు, మోచేతి కింద గోరు గీసుకుపోయి రక్తం వచ్చింది. పరుగెత్తుకొచ్చిన వాళ్ళమ్మతో నేను "మా వాడు కరవడు, టీకాలన్నీ వేయించాం" అంటున్నాను. ఆమె అరవలేదు. పిల్లాణ్ణి ఎత్తుకొని నా వైపు చూసి ఒకటే మాట అంది: "మీ బంగారం మీకు ముద్దు అక్కా. నాకు నా కొడుకే బంగారం."

ఆ మాటకు ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి ధారగా నీళ్ళతో కడిగి, నా స్కూటర్ మీదే తల్లినీ కొడుకునూ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయాను. మా కుక్కకు టీకా ఉంది కదా అని వదిలెయ్యలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, అందుకే అనుమానానికి కూడా ఇంజక్షన్ వేయించాల్సిందే. మొదటి రోజు, మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగు సార్లూ నేనే తీసుకుపోయాను. "కుక్కన్నాక తిరుగుతది" అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మీ కుక్క తిరిగే వీధిలో ఒక పిల్లాడు సైకిల్ నేర్చుకుంటుంటాడు. ఒక ముసలాయన కర్ర పట్టుకొని గుడికి పోతుంటాడు. అడ్డమొచ్చిన కుక్కను తప్పించబోయి బండి మీది మనిషి పడతాడు. మీ కుక్క స్వేచ్ఛ ఖర్చు వాళ్ళ మీద వేసే హక్కు మీకు లేదు.

ఆ సాయంత్రమే గొలుసు కొన్నాం. "గట్టిది ఇవ్వండి" అని అడిగి మరీ తెచ్చాం. పెరట్లో జామచెట్టుకు కట్టాం. నాలుగు అడుగుల గొలుసు. నిజం చెప్పాలంటే మొదటి వారం హాయిగా ఉంది, టెన్షన్ లేదు, గేటు బార్లా తీసిపెట్టినా భయం లేదు. రెండో వారం నుంచి వాడు చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కుడి వైపు తిరిగి తిరిగి గొలుసు చెట్టుకు చుట్టుకుపోయేది, మెడ బిగుసుకునేది, ఎవరో ఒకరు పోయి విప్పాలి. మట్టిలో గుండ్రంగా దారి పడింది. మూడో వారం తోక కొరుక్కోవడం. ఆకు కదిలినా మొరగడం. ఎప్పుడూ ఎవరి మీదా మొరగనివాడు పాలాయన మీదికి పళ్ళు బయటపెట్టి లేచాడు. గొలుసు వాణ్ణి మంచి కుక్కను చేస్తుందని చెప్పారు. ఆ నాలుగైదు వారాల్లో నేను మొదటిసారి వాడికి భయపడ్డాను.

జులై చివరి వారంలో ఆ వానలు. వరంగల్, హనుమకొండలో ఉన్నవాళ్ళు ఎవరూ మరిచిపోరు. 27వ తేదీ తెల్లవారుజామున మోరీ పొంగి వీధిలోకి, వీధి నుంచి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. కరెంటు లేదు. మా ఆయనా నేనూ బియ్యం సంచులు మంచం మీదికి ఎక్కిస్తున్నాం, ఫ్రిజ్ కింద ఇటుకలు పెడుతున్నాం. మా అబ్బాయి ఒక్కసారిగా "అమ్మా, బంగారం!" అన్నాడు.

వెనక తలుపు తీస్తే పెరడంతా ఎర్ర నీళ్ళు. వాడు బట్టలుతికే బండ మీద నిలబడి ఉన్నాడు. బండ మునిగిపోయి నీళ్ళు వాడి పొట్టకు తగులుతున్నాయి. గొలుసు చెట్టు మొదలుకు చుట్టుకుపోయి, మిగిలింది జానెడు. తల పైకెత్తి పెట్టుకున్నాడు, దించితే మూతి నీళ్ళల్లో పడుతుంది. మొరగడం లేదు. అన్ని రోజులు మొరిగినవాడు ఆ రాత్రి ఒక్కసారి కూడా మొరగలేదు, లేక వానలో మాకే వినపడలేదో. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పోయి కొక్కెం తీయబోతే రావడం లేదు, వాడి బరువుకు బిగుసుకుపోయింది. చివరికి మెడ పట్టీ బొత్తం విప్పాను. విప్పగానే ఉరుకుతాడనుకున్నాను. ముందు కాళ్ళు రెండూ నా భుజం మీద వేసి, తల నా మెడ కింద పెట్టాడు. వాడి గుండె కొట్టుకోవడం నా గుండె మీద తెలిసింది.

ఆ రోజే భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, ఎన్నో పశువులు పోయాయి. ఆ వార్తలు చూస్తూ అత్తమ్మ ఏడ్చింది. నీళ్ళు తీశాక గొలుసును పాత ఇనుప సామాను వాడికి వేసేశాను.

గొలుసు తీసేశాం, మరి గేటు సంగతేంటి? పిల్లాడి తల్లి మాట చెవుల్లోనే ఉంది. అప్పుడు మామయ్య డైరీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి "బిడ్డా, ఇది చూడు" అన్నారు. ఉగాది నుంచి గొలుసు వేసిన రోజు దాకా వాడు పోయింది 23 సార్లు. ఆయన వేలు పెట్టి ఒక్కో పేజీ చూపించారు. ఆ 23లో 19 సార్లు ఆ రోజు పేజీలో "నడక లేదు" అని ఉంది. మోకాలు నొప్పి, వాన, పెండ్లి, బీపీ చెకప్. ఆయన నడవని రోజు వీడు ఉరికాడు. "షెడ్డుల పెట్టిన ఇంజన్ కూడ పాడైతది, తిప్పుతనే ఉండాలె" అన్నారు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది, నాకూ అప్పటి దాకా తెలియదు. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. మరీ పొట్టి గొలుసుతో గానీ, మరీ బరువు గొలుసుతో గానీ ఏ జంతువునైనా మరీ ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరమని అందులో రాశారు. దాని పక్కనే కుక్క గురించి ప్రత్యేకంగా ఇంకో మాట ఉంది. ఎప్పుడూ కట్టేసి గానీ మూసి గానీ ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోతే అది కూడా నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె అలాగే ఉండటం అన్యాయం. కానీ జరిమానా ఎంతైనా గానీ, కుక్కకు నడక మనం దయతో ఇచ్చేది కాదని, అది దానికి రావలసిందని చట్టం అంత ముందే ఒప్పుకుంది. ఇది చదివిన రోజు నాకు సిగ్గుతో పాటు ధైర్యం కూడా వచ్చింది. కట్టెయ్యమని చెప్పేవాళ్ళకు నా దగ్గర ఇప్పుడు ఒక జవాబు ఉంది.

2023 ఆగస్టు నుంచి పొద్దున ఐదున్నరకు మామయ్య, ఆయనకు కుదరకపోతే మా ఆయన. సాయంత్రం నేను. చేతిలో తాడు, జేబులో కవరు. తాడు లేకుండా గేటు దాటేది లేదు. పూటకు ముప్పావుగంట. మొదట్లో నేను వాణ్ణి లాక్కుంటూ నడిచేదాన్ని, టైము చూసుకుంటూ. వాడేమో ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగేవాడు. తర్వాత తెలిసింది, ఆ ఆగడమే వాడికి అసలు నడక. వాసన పట్టే కణాలు మన ముక్కులో సుమారు 50 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. పొద్దున మామయ్య పేపరు ఎంత శ్రద్ధగా చదువుతారో వాడు ఆ స్తంభాన్ని అంత శ్రద్ధగా చదువుతాడు. రాత్రి ఎవరు వచ్చి పోయారు, కొత్తవాళ్ళెవరు, ఏ ఇంట్లో చేపలు వండారు. మధ్యలో తాడు గుంజితే పేపరు లాక్కున్నట్టే. ఇప్పుడు గుంజను. వాడు ఆగితే నేనూ ఆగుతాను, చెరువు వైపు చూస్తాను. ఎండాకాలంలో పొద్దుగూకాక కూడా రోడ్డు మీద అరచేయి ఆనించి చూస్తాను. నా చేయి ఉంచలేని చోట వాడి పాదం ఎందుకు ఉండాలి?

ఆ సెప్టెంబరులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. దానితో మగ కుక్కల తిరుగుడు తగ్గుతుంది. డాక్టరు మాత్రం "ఆపరేషన్ చేసినా నడక తప్పదు" అని ముందే చెప్పారు. ఆగస్టు నుంచి మరుసటి ఉగాది దాకా, ఎనిమిది నెలలకు డైరీలో 5 సార్లు. దాని ముందు మూడు నెలలకే 23. దీపావళికి చీకటి పడకముందే తిప్పి తెచ్చి, మధ్య గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ పెట్టి, ఎవరో ఒకరం పక్కన కూర్చుంటాం. మెడ పట్టీ మీద మా ఫోన్ నంబరు కుట్టించాం. టీకా ఏటా తప్పకుండా వేయిస్తాం.

"మాకు అంత టైము ఎక్కడిది" అంటారు. టైము లేకపోవడం తప్పు కాదు. నాకూ ఉద్యోగం ఉంది, వంట ఉంది, పిల్లాడి చదువు ఉంది. టైము లేనివాళ్ళు కుక్కను తెచ్చుకోవడం మాత్రం తప్పే. మా హనుమకొండలోనే అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో హస్కీలు కనిపిస్తాయి. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో గ్రిల్లుకు మూతి ఆనించి నాలుక వేలాడేసి కూర్చుంటుంది. పిల్లాడి పుట్టినరోజుకు అని వేలకు వేలు పెట్టి కొంటారు, పెద్దదై అల్లరి మొదలుపెట్టగానే కట్టేస్తారు, కట్టేస్తే కరుస్తుంది, కరిస్తే రాత్రిపూట కారులో తీసుకుపోయి ఊరి బయట వదిలేస్తారు. అలా వదిలేసిన ఒకటి మా కట్ట మీద నెల రోజులు తిరిగింది. ఎవరు పిలిచినా పోయేది కాదు, కారు ఆగితే మాత్రం లేచి నిలబడేది.

బంగారం ఇప్పటికీ పోతాడు. నెల కింద గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గేటు వెయ్యడం మరిచిపోయాడు, వీడు మరిచిపోలేదు. తాళంచెవులు తీసుకొని పోతే టిఫిన్ సెంటర్ వెనక దొరికాడు. పట్టీకి తాడు తగిలించి నడిపించుకొస్తున్నాను. ఎదురుగా ఆ పిల్లాడూ వాళ్ళమ్మా వస్తున్నారు. పిల్లాడు పొడుగయ్యాడు, మోచేతి కింద సన్నటి గీత ఇంకా ఉంది. "బంగారం!" అని చెయ్యి ఊపాడు. వాళ్ళమ్మ వాణ్ణి తన అవతలి పక్కకు తీసుకుంది. నేను తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకొని, వాణ్ణి నా కాలికి ఆనించుకొని గోడ పక్కన ఆగాను. "తిన్నరా అక్కా" అని అడిగిందామె. "ఇంకా లేదమ్మా" అన్నాను. వాళ్ళు దాటిపోయేదాకా వాడు తోక ఊపుతూనే ఉన్నాడు.